పోశం మలుపులో మూడో సెట్టు

నిర్మల్ దాటి ఆదిలాబాద్ తొవ్వ పట్టే లారీవాళ్లు ఎన్ని కబుర్లయినా చెబుతారు గానీ, ఘాటులో నాలుగో మలుపు ఊసు మాత్రం ఎత్తరు. రోడ్డు శాఖ కాగితాల్లో దానికొక నెంబరుంది. లారీవాళ్ల నోట్లో దాని పేరు పోశం మలుపు. పొద్దు గూకినాక ఆ పేరు కూడా పలకరు... "అక్కడ" అంటారు, అంతే.

అక్కడ చక్రం ఆగితే వెనక నుంచి పిలుపు వస్తుందట. "రానీ... రానీ... రానీ..." అని. లారీని వెనక్కి తీసేటప్పుడు క్లీనర్ అరిచే అరుపే అది, కొత్తదేమీ కాదు. కాకపోతే ఆ పిలుపు వచ్చే వేళకు క్లీనర్ డ్రైవర్ పక్కనే బిగుసుకుపోయి కూర్చుని ఉంటాడు.

దాన్ని నమ్మి వెనక్కి తీసిన వెదురు లారీ ఒకటి లోయలో పడిందని కొందరంటారు. ఒకటి కాదు, రెండని ఇంకొందరు. నాకీ కథ చెప్పినాయన మూడన్నాడు. ఆయన ఏ లెక్క చెప్పినా ఒకటి కలిపి చెప్పే మనిషి, కాబట్టి రెండే అనుకుందాం.

ఇంతకీ ఈ పోశం ఎవరంటే, కొమురెల్లి అనే డ్రైవర్‌కు సొంత బామ్మర్ది, అతని భార్య నాగవ్వకు తమ్ముడు. కొమురెల్లి లారీకి క్లీనర్ కూడా అతనే. ఇచ్చోడ అడవిలో నరికిన టేకు దుంగలను ఘాటు దింపి కరీంనగర్ కోతమిల్లుకు చేర్చడం వాళ్ల పని. దుంగలు పొడుగు, మలుపు ఇరుకు. లారీ ఒక్క పట్టున తిరగదు. ముందుకు పోయి, అంచు గోడకు మూతి ఆనించి, వెనక్కి తీసి, మళ్లీ తిప్పాలి. వెనక్కి తీసేటప్పుడు డ్రైవర్‌కు దుంగలు తప్ప ఏమీ కనిపించదు. క్లీనర్ వెనక నిలబడి "రానీ" అన్నంతసేపు రావాలి, "ఆగ్" అంటే ఆగాలి. నమ్మకం మీద నడిచే పని.

ఒకనాడు వానలో ఆ గొంతు "రానీ... రానీ..." అంటూ అంటూనే తెగిపోయింది. కాలు జారి పడ్డాడో, "ఆగ్" అన్నా వాన చప్పుడులో వినపడలేదో, అసలు అననే లేదో... కొమురెల్లికి తెలియదు. దిగి చూసేసరికి చక్రాల కింద అంతా అయిపోయింది.

ఆ తర్వాతే మలుపుకు ఆ పేరొచ్చింది. చచ్చినోడు పగబట్టి పిలుస్తున్నాడని లారీవాళ్లు తీర్మానం చేసేశారు. ఆ మాట చెవిన పడ్డ రోజు నాగవ్వ చేతిలో చాట కింద పెట్టి, నలుగురిలో గట్టిగా అన్నది.

"నా తమ్ముడు దయ్యమే అయిండేమో, నాకెర్కలే. గని ఒకల పాణం తీసేటోడైతె కాడు."

మొగుణ్ణి మాత్రం ఒక్క మాట అనలేదు. అసలు ఇంట్లో తమ్ముడి పేరే ఎత్తలేదు. ఆమె తిడితే పడేవాడు, కొడితే ఓర్చుకునేవాడు. ఆ ఊరుకోవడమే కొమురెల్లిని లోపల్లోపల తినేసింది. ఐదేళ్లపాటు అతను పొద్దు గూకినాక ఘాటు ఎక్కలేదు, దిగలేదు.

కానీ పొట్ట ఊరుకోదు కదా. వచ్చే ఏడు వానలు ముదిరేలోపు అడవిలో దుంగలన్నీ కిందికి రావాలన్నాడు కంట్రాక్టరు. పగలే నడుపుతానంటే వేరే లారీలు చూసుకుంటానన్నాడు. కొమురెల్లితో జోడీగా నడిచే రెండో లారీ షరీఫ్‌ది. కరీంనగర్ మనిషి, తన బండి తానే నడుపుకుంటాడు, ఏ పనైనా పదిసార్లు ఆలోచించి చేస్తాడు.

"దయ్యం సంగతి నాకొద్దు భాయ్," అన్నాడు షరీఫ్. "మలుపుల ఒక బండి అడ్డం ఉండంగ మీదికెల్లి ఇంకో బండి దిగుతె ఇద్దరం పోతం. ముందల పోయినోడు దాటిన అని చెప్పాలె, అప్పుడే రెండోడు దిగాలె. కేకేస్తె వినవడదు. గందుకు ఒక ఉపాయమున్నది."

ఆ ఉపాయం హైదరాబాదులో, చార్మినార్ వెనక పాత మిలిటరీ సామాన్లమ్మే దుకాణంలో ఉంది. యుద్ధంలో సిపాయిలు వాడిన వైర్‌లెస్ సెట్లు. వ్యాపారి మొదట వీపుకు తగిలించుకునే పెద్ద పెట్టె చూపించాడు. అది మోస్తే లారీ నడపడం కాదు, లారీయే మనిషిని మోయాలి. తర్వాత చేతిలో పట్టే డబ్బా తీశాడు. మూరెడు పొడుగు, పై నుంచి సలాక లాగితే పని మొదలెడుతుంది. పక్కనున్న మీట నొక్కి పట్టి మాట్లాడాలి, వదిలి వినాలి.

"పది మైళ్లు వినవడుతది మియా," అన్నాడు వ్యాపారి.

షరీఫ్ ఒక డబ్బా కొమురెల్లి చేతిలో పెట్టి, రెండోది పట్టుకుని మూసీ వైపు నడిచాడు. మొదటి జోడీలో ఒకటి మాట్లాడితే రెండోది చెవిటిదానిలా ఉంది. విప్పి చూస్తే లోపల తరంగాన్ని కుదిర్చే క్రిస్టల్ బిళ్లల మీద నెంబర్లు వేరు. ఒకే నెంబరున్న జోడీ వెతికించి మళ్లీ నడిచాడు. బయలుగా ఉన్నచోట మైలు దాకా మాట వచ్చింది. ఇళ్లు అడ్డమొచ్చేసరికి సగానికి పడిపోయింది.

"పది మైళ్లంటివి కద, సేట్?"

"లడాయిల పది మైళ్లు పోయింది మియా. గిప్పుడు లడాయి లేదు గద."

మైలు చాలు. ఘాటు మలుపుకు అర మైలే ఎక్కువ. బేరం కుదిరింది. వ్యాపారి రెండు డబ్బాలూ గోనెలో చుట్టి, రహస్యంగా అందించబోయాడు. షరీఫ్ చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"లైసెన్స్ రానిది ముట్ట. మొన్నమొన్నటిదాక వైర్‌లెస్ అంటె రజాకార్లన్నరు, లేకుంటె కమ్యూనిస్టులన్నరు. నా పేరు షరీఫ్. నా బండిల గిది దొర్కితె నేను ఏ దుంగల కోసం కొన్ననని చెప్పాలె? నా పెండ్లాం పిల్లలు ఏ జైలు చుట్టు తిరగాలె?"

ఆ మాటలో తప్పేమీ లేదు. ఏ కాగితమూ లేకుండానే మనుషుల్ని పట్టుకుపోయిన రోజులు చూసినవాడు. అర్జీ పెట్టాడు. అటవీ శాఖ సిఫారసు, ఠాణా నుంచి మంచివాడన్న చిట్టీ, రెండు సెట్ల నెంబర్లు, లారీల నెంబర్లు... ఎనిమిది నెలలకు ఢిల్లీ నుంచి కాగితం దిగింది. అప్పటిదాకా పగటి ట్రిప్పులతోనే కంట్రాక్టరును ఓపిక పట్టించారు. సెట్లు అప్పుడు తెచ్చుకున్నారు.

నిర్మల్ సర్కారు బంగళాలో ఒక వైర్‌లెస్ ఇన్‌స్పెక్టరు వాళ్లకు షరతులు చదివి చెప్పాడు. ఏలూరు వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చినాయన, నిదానస్థుడు.

"ఈ రెండు సెట్లే. మూడోది మీ మధ్యలో వినపడితే వెంటనే నాకు చెప్పాలి. మాట మొదలెట్టే ముందు స్టేషన్ పేరు చెప్పాలి. షరీఫ్ గారు నిర్మల్ ఒకటి, మీరు నిర్మల్ రెండు. పేరు చెప్పని గొంతు మీది కాదు, దాని మాట వినకండి. ఊసుపోని కబుర్లు వద్దు. ప్రతి మాటా ఈ పుస్తకంలో రాయాలి... ఎప్పుడు, ఎవరు, ఏమన్నారు. గడి ఖాళీ పెట్టారంటే ఊరుకోను."

మూడు రాత్రులు పని సాఫీగా సాగింది. మలుపుకు అర మైలు పైన, రోడ్డు కాస్త వెడల్పున్నచోట కొమురెల్లి ఆగేవాడు. ముందు చక్రం కింద చెక్క దిమ్మె పడేది. కాసేపటికి డబ్బాలో షరీఫ్ గొంతు వచ్చేది. "నిర్మల్ ఒకటి. దాటిన. రా." అప్పుడు దిమ్మె తీసి దిగేవాడు. మలుపులో తిప్పుతున్నంతసేపూ కొమురెల్లి వెనక్కి చూడలేదు. అక్కడ తన క్లీనర్ లక్ష్మీరాజం గొంతు తప్ప ఇంకేదీ వినపడలేదు.

నాలుగో రాత్రి మిరుగు వాన, మృగశిర కార్తె తొలివాన, పట్టుకుంది.

ఎనిమిది దాటింది. అద్దం మీద నీళ్లు ధారలు కడుతున్నాయి. బ్రేకు అప్పటికే మెత్తబడింది, తొక్కితే కాలు నేల దాకా పోతోంది. లక్ష్మీరాజం దిగి దిమ్మె వేశాడు. యాభై ఏళ్ల మనిషి, తల మీద గోనె కప్పుకుని చక్రం పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

డబ్బా గరగరమంది.

"నిర్మల్ ఒకటి. మలుపుల ఉన్న. ఆగు."

ఆగాడు. ఒక బీడీ కాలింది. రెండోది తడిసి ఆరిపోయింది. షరీఫ్ నుంచి మాట లేదు... వాన, గరగర, అంతే.

అప్పుడు వచ్చింది.

"రానీ..."

కొమురెల్లి డబ్బాను చెవికి ఆనించాడు.

"రానీ... రానీ..."

పక్కన ఎవరూ లేరు. గొంతు డబ్బాలోంచే వస్తోంది. స్టేషన్ పేరు లేదు. దాటినానని లేదు. మీట నొక్కి, గుసగుసగా అడిగాడు.

"నిర్మల్ రెండు. ఒకటీ... షరీఫ్ భాయ్... నువ్వేనా?"

మీట వదిలాడు.

"రానీ... రానీ... రానీ..."

అడిగింది వినపడనట్టే ఉంది. లేదా విని కూడా లెక్క చేయనట్టుంది. ఆ గరగరలో ఏ క్లీనర్ గొంతయినా ఒక్కలాగే ఉంటుందని కొమురెల్లికి తెలుసు. తెలిసి ఏం లాభం? ఐదేళ్లుగా అతని చెవిలో ఉన్న గొంతు ఒక్కటే. పగబట్టిండని లోకమంతా అన్నది నిజమేనా? తనను రమ్మంటున్నాడా?

బయట పటుక్కుమంది.

"కొమురన్నా!" లక్ష్మీరాజం కేక. "దిమ్మె పగులుతున్నది! బండి జారుతున్నది! పోదామా, ఏం జేద్దాం?"

పేరు చెప్పని గొంతును నమ్మొద్దన్నాడు ఇన్‌స్పెక్టరు. కానీ డ్రైవర్ కాలుకు "రానీ" అన్న మాట వినపడితే, అది బుర్రను అడగదు. ఇరవై ఏళ్ల అలవాటు. పైగా కింద దిమ్మె చీలుతోంది, మీద ఏడు టన్నుల టేకు. షరీఫ్ దాటే ఉంటాడు... క్లీనర్ చేత పిలిపిస్తున్నాడు... అంతే అయి ఉంటుంది.

"తియ్యి దిమ్మె! ఎక్కు!"

లక్ష్మీరాజం దిమ్మె తన్ని మెట్టు మీదికి దూకాడు. లారీ కదిలింది. చిన్న గేరులోనే ఉన్నా, తడి రోడ్డు మీద దుంగల బరువు వెనక నుంచి తోస్తోంది. దీపాల వెలుగులో వాన తప్ప ఏమీ లేదు. మలుపు దగ్గరవుతోంది. ఒడిలో డబ్బా ఆగకుండా పిలుస్తూనే ఉంది. "రానీ... రానీ..."

ఇంకొక్క వంపు తిరిగితే అక్కడ.

"ఆగ్!"

అదే డబ్బా. గరగర లేదు. పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టుంది.

"ఆగ్... బావా, ఆగ్!"

కొమురెల్లి ఆలోచించలేదు. స్టీరింగు మొత్తం గుట్ట వైపు తిప్పేశాడు. మడ్గార్డు బండకు రాసుకుంది, దీపం పగిలింది, లారీ గట్టును గుద్ది, ఒక్క ఊపు ఊగి నిలబడిపోయింది. లక్ష్మీరాజం మెట్టు మీది నుంచి బురదలో పడ్డాడు గానీ దెబ్బ తగల్లేదు.

ఇద్దరూ లాంతరు పట్టుకుని వంపు తిరిగారు. ముప్పై అడుగులు కూడా లేదు... షరీఫ్ లారీ రోడ్డుకు అడ్డంగా ఉంది. దుంగల కొసలు పైకి, సరిగ్గా వీళ్లు వచ్చే దారికి ఎదురుగా పొడుచుకుని ఉన్నాయి. ఆగకుండా దిగి ఉంటే అవి కొమురెల్లి అద్దంలోంచి లోపలికి వచ్చేవి. ఆ దుంగల ముందు, వీళ్లకు వీపు తిప్పి, షరీఫ్ క్లీనర్ రామచంద్రం నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు.

"రానీ... రానీ... రానీ..."

లారీ గుద్దుకుంటే మొదట నలిగేది అతనే. సరిగ్గా పోశం నిలబడ్డ చోటే నిలబడ్డాడు. కొమురెల్లి ఆ బురదలోనే కూర్చుండిపోయాడు.

షరీఫ్ దిగి వచ్చి, రామచంద్రాన్ని ఒక్క చూపు చూసి, తల పట్టుకున్నాడు. ఇంజను నీళ్లలో తడిసి రెండుసార్లు ఆగిపోవడంతో ఆలస్యమైంది. పైన ఉన్నవాడికి కబురు చెప్పడానికి పనికొస్తుందని సెట్టు రామచంద్రం మెడలో వేశాడు. వాన పడకూడదని రామచంద్రం దాన్ని చంకలో ఇరికించుకున్నాడు. చంక కింద మీట నొక్కుకుపోయింది. తను షరీఫ్‌కు అరిచిన ప్రతి "రానీ" అర మైలు పైనున్న కొమురెల్లికి పోయింది. మీట నొక్కి ఉన్నంతసేపూ కొమురెల్లి అడిగిందేదీ ఇతనికి వినపడలేదు.

"యా అల్లా... దయ్యమూ లేదు గియ్యమూ లేదు," అన్నాడు షరీఫ్, భయం దిగి నవ్వొచ్చేసి. "మా రామచంద్రమే దయ్యం!"

లక్ష్మీరాజం నవ్వాడు. రామచంద్రం సిగ్గుపడుతూ నవ్వాడు. కొమురెల్లి కూడా నవ్వబోయి ఆగాడు.

"మరి ఆగుమన్నదెవ్వరు?"

"ఎవ్వరన్నరు?" అన్నాడు రామచంద్రం. "నేను ఆగుమననే లే. ఇంక రెండు గజాల జాగుండె."

"డబ్బాల వచ్చింది. ఆగు బావా అని."

"షరీఫ్ సేటును నేను బావా అంటనా, కొమురన్నా?"

ఆ మలుపులో కొమురెల్లిని బావా అని పిలిచే మనిషి ఒక్కడే ఉండేవాడు. అది అందరికీ ఒకేసారి తట్టింది. రామచంద్రం మెల్లగా మెడలోంచి సెట్టు తీసి షరీఫ్ చేతికిచ్చేశాడు.

షరీఫ్ పుస్తకం తీశాడు. "ఏదైన గని... రాయాలె. రాయకుంటె రేపు మనల్నే అడుగుతరు." లాంతరు వెలుగులో టైమూ, మీట నొక్కుకుపోయిన సంగతీ రాశాడు. మాట: ఆగు. ఎవరు పంపారు అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. ఖాళీగా వదిలేశాడు.

కరీంనగర్‌లో దుంగలు దింపి ఇల్లు చేరాక కొమురెల్లి నాగవ్వకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె కళ్లు తుడుచుకోలేదు. "నేను జెప్పలే?" అన్నది. ఆ పూట మొదటిసారి తమ్ముడి ముచ్చట్లు చెప్పుకుంటూ పొద్దుపోయేదాకా కూర్చుంది. చిన్నప్పుడు మేకపిల్ల బావిలో పడితే దూకిన సంగతి, సినిమాకు పోయి రెండు రోజులు రాని సంగతి. కొమురెల్లి వింటూ కూర్చున్నాడు. గుండె మీది బండ కొంచెం జరిగినట్టయింది.

దసరా ముందు ఇన్‌స్పెక్టరు తనిఖీకి నిర్మల్ వచ్చాడు. బంగళా వరండాలో బల్ల మీద రెండు సెట్లు, పుస్తకం. ఒక్కో పుటా తిప్పుతూ పోతున్నవాడు ఒకచోట ఆగిపోయాడు.

"ఈ గడి ఖాళీగా ఉందేం?"

ఇన్‌స్పెక్టరు కళ్లజోడు తీశాడు.

"మీ ఒకటో నెంబరు మీట నొక్కి ఉంది. రెండోది వింటోంది. మధ్యలో ఇంకో గొంతు వచ్చిందంటే మూడో సెట్టు ఉన్నట్టే. లైసెన్సు లేని సెట్టు. మీకు తెలిసీ దాస్తున్నారా? ఈ రెండూ జప్తు చేసి కేసు రాయమంటారా?"

ఏ జైలు చుట్టు తిరగాలె అని ఆనాడు అడిగిన షరీఫ్, ఇప్పుడు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. కొమురెల్లి ముందుకొచ్చాడు.

"ఆయన తప్పు లేదు సార్. గా మాట అన్నది మా బామ్మర్ది. పోశం."

"ఏం చేస్తాడు?"

"క్లీనర్ సార్."

ఇన్‌స్పెక్టరు కలం మూత తీసి ఖాళీ గడిలో ఆ పేరు రాసుకున్నాడు. "ఎక్కడుంటాడు?"

"ఘాటుల సార్. నాలుగో మలుపు కాడ."

"రేపు పొద్దున అతన్ని నా దగ్గరికి తీసుకురా. సెట్టుతో సహా."

కొమురెల్లి పుస్తకంలో ఆ పేరున్న గడి వైపు చూశాడు.

"వస్తె తోల్కొస్త సార్," అన్నాడు చివరికి. "ఐదేండ్ల సంది పిలుస్తనే ఉన్న."